డైనింగ్ టేబుల్ మీద ఎవరూ తినట్లేదా? ఆ జాగాని ఇంకోలా వాడుకోండి

మా డైనింగ్ టేబుల్ మీద ఇప్పుడు ఏమేం ఉన్నాయో చెప్తాను: మందుల డబ్బా, గోంగూర పచ్చడి సీసా, కరెంటు బిల్లు, సగం చేతిపని అయిన జాకెట్టు, మా వాడి లెక్కల పుస్తకం, ఎవరిదో ఎవరికీ తెలియని ఛార్జరు. అన్నం మాత్రం లేదు. భోజనం వేళకి అందరం కంచాలు పట్టుకుని టీవీ ముందుకే పోతాం, మా అత్తయ్యగారైతే కుర్చీలో కూర్చుని తింటే తిన్నట్టే ఉండదంటూ కింద చాప మీదే కూర్చుంటారు. అంటే, ఒక్కో చదరపు అడుగుకీ డబ్బు లెక్కగట్టి కొన్న డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో ఎనిమిది అడుగులకి పదడుగుల జాగా ఒక బల్లకి రాసిచ్చేసి, మనుషులం మాత్రం హాల్లో ఇరుక్కుంటున్నాం అన్నమాట.

మీ ఇంట్లోనూ ఇదే వరసైతే, ముందు ఏమీ కొనకండి. ఒక వారం రోజులు బల్ల సర్దకుండా వదిలేయండి, ఎంత చిరాకేసినా సరే. వారం అయ్యాక దాని మీద ఏం పేరుకుందో చూడండి. పుస్తకాలు ఎక్కువుంటే పిల్లలకి చదువుకునే చోటు లేదు. గుడ్డలూ దారపుండలూ ఉంటే మీకు కుట్టుకునే చోటు లేదు. పప్పుల ప్యాకెట్లు, ఉల్లిపాయల సంచి ఉంటే వంటింట్లో అలమరలు చాలట్లేదు. ఏ వస్తువుకి ఇంట్లో చోటు లేదో అది ఆ బల్ల మీదకే చేరుతుంది, కాబట్టి ఆ జాగాని దేనికి వాడాలో అవే చెప్తాయి. నేను ఇలా చూసుకోకుండా, ఎక్కడో ఫోటోలో బావుందని, వేలాడే లైటూ చిన్న షెల్ఫూ పెట్టి కాఫీ కార్నర్ తయారుచేశాను. మా ఇంట్లో కాఫీ అంటే పొద్దున్నే పాలు కాచి డికాక్షన్ కలపడం, అది వంటింట్లో నిలబడే అయిపోతుంది. ఏడాదిపాటు కప్పుల మీద దుమ్ము తుడిచి తీసేశాను.

రెండో పని, టేపు పట్టుకుని కొలవడం. మన ఫ్లాట్లలో డైనింగ్ అంటే నాలుగు రోడ్ల కూడలి లాంటిది, ఫ్రిజ్ అక్కడే, వాష్ బేసిన్ అక్కడే, వంటింటి గుమ్మం, బాత్రూం తలుపు కూడా చాలాసార్లు అటే తెరుచుకుంటాయి. ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరవగలగాలి, మనిషి నడవడానికి మూడడుగుల దారి ఉండాలి. ఆరుగురి బల్ల మామూలుగా ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉంటుంది, దాన్ని మధ్యలోంచి తీసి గోడకి ఆనిస్తే ఒక వైపు కుర్చీ లాగడానికి వదిలిన రెండున్నర అడుగులు మీకు మిగిలినట్టే. ఇంత చిన్న పనికే గది పెద్దదైనట్టు అనిపిస్తుంది. బేసిన్‌కి రెండడుగుల లోపల కాగితాలు, లాప్‌టాప్, కుట్టు మిషన్ లాంటివి పెట్టొద్దు, ముఖం కడుక్కుంటే చుక్కలు ఎంత దూరం పడతాయో ఒకసారి నేల మీద చూడండి, మీకే తెలుస్తుంది.

చదువుకీ ఆఫీసు పనికీ వాడదామంటే, బల్ల ఎత్తు దగ్గర పేచీ వస్తుంది. డైనింగ్ టేబుల్ సుమారు 30 అంగుళాలు ఉంటుంది, కంచంలో అన్నం కలుపుకోవడానికి సరిపోతుంది గానీ గంటల తరబడి టైపు చేస్తే భుజాలు పైకి లేచిపోయి మెడ పట్టేస్తుంది. దీనికి కొత్త బల్ల అక్కర్లేదు. కుర్చీలో గట్టి దిండు వేసి మోచేయి బల్ల ఎత్తుకి వచ్చేలా కూర్చోండి, అప్పుడు కాళ్ళు నేలకి అందవు కాబట్టి కింద ఒక పీట వేసుకోండి. డైనింగ్ టేబుల్ వచ్చాకే కదా పీటలు అటక ఎక్కింది, ఇప్పుడు ఆ టేబుల్ కిందకే తిరిగొచ్చాయి. అద్దం బల్ల అయితే ట్యూబ్‌లైటు కళ్ళల్లో కొడుతుంది, పైన మందపాటి గుడ్డ పరవండి. ఫ్యాను సరిగ్గా నెత్తి మీదే ఉండి కాగితాలు ఎగురుతుంటే బరువుకి పాత తూకం రాయి పెట్టుకోవచ్చు.

ఇంకో గొడవ మా ఇంట్లో వచ్చింది: ఎంగిలి. "తినే బల్ల మీద సరస్వతిని పెడతారా" అని అత్తయ్యగారు ఒప్పుకోలేదు, నిజానికి ఆవిడ మాటలో న్యాయం ఉంది, పుస్తకాలకి నూనె మరకలు అంటేది అక్కడే. ఇప్పుడు రెండు రెక్సిన్ గుడ్డలు పెట్టుకున్నాం, ఒకటి చదువుకి, ఇంకోటి ఎప్పుడైనా చుట్టాలొచ్చి బల్ల మీద తింటే. చుట్టి కుర్చీ వెనక పెడతాం.

కుట్టు పనికి ఈ బల్లంత మంచిది ఇంకోటి లేదు. జాకెట్టు గుడ్డ మొత్తం పరుచుకుంటుంది, చీరకి ఫాల్ కుట్టేటప్పుడు అంచు నేల మీద పొర్లదు. అయితే నిలబడి గుడ్డ కత్తిరించడానికి 30 అంగుళాలు తక్కువ, అరగంటకే నడుం పట్టేస్తుంది. వడ్రంగి చేత ఐదారు అంగుళాల చెక్క దిమ్మెలు, బల్ల కాళ్ళు జారకుండా మధ్యలో గుంట తీసినవి చేయించుకుని కింద పెట్టండి. ఇటుకలు మాత్రం పెట్టకండి, ఊగుతాయి. అద్దం బల్ల మీద మిషన్ నడపొద్దు, ఆ అదురుకి అద్దం నిలవదు.

ఊరి నుంచి పెద్దవాళ్ళు వచ్చి నెలల తరబడి ఉంటే, బల్ల తీసేసి ఆరడుగుల దివాన్ కాట్ వేయొచ్చు. చాలా ఫ్లాట్లలో హాలుకీ డైనింగుకీ మధ్య బీమ్ ఉంటుంది, దానికి కర్టెన్ రాడ్ బిగిస్తే గది అయిపోతుంది, బాత్రూం నాలుగు అడుగుల దూరమే కాబట్టి రాత్రి లేచినా భయం లేదు. మంచం ఎత్తు మాత్రం కూర్చుంటే పాదాలు నేలకి పూర్తిగా ఆనేలా చూడండి. ఇబ్బంది ఎక్కడంటే తెల్లవారుజామున మిక్సీ, రాత్రంతా ఫ్రిజ్ చప్పుడు. నిద్ర పల్చగా పట్టేవాళ్ళని అక్కడ పడుకోబెట్టి, తర్వాత "అమ్మకి మా ఇల్లు పడలేదు" అనుకోకండి.

వంటింటి పని బయటికి తెద్దామనుకునేవాళ్ళకి ఒకే మాట, ముందు ప్లగ్ చూడండి. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, అది 16 ఆంపియర్ల పాయింట్‌లోనే పెట్టాలి, ఫోను ఛార్జింగ్ పెట్టుకునే ఎక్స్‌టెన్షన్ బాక్సులో కాదు.

బల్ల అమ్మేసే ముందు సంక్రాంతీ వినాయక చవితీ గుర్తు చేసుకోండి. గోడకి ఆనించిన బల్ల మీద ట్రంకు పెట్టె, దాని మీద అట్టపెట్టెలు పేర్చి పట్టుచీర కప్పితే బొమ్మల కొలువు మెట్లు తయారు, మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, మూడో ఐదో. చవితికి పాలవెల్లి కట్టడానికి కూడా అదే చోటు, కాకపోతే ఫ్యాను ఆపి, స్విచ్ మీద టేపు అంటించండి. మా ఇంట్లో ఒక ఏడాది ఎవరో అలవాటుగా స్విచ్ వేసి మొక్కజొన్న పొత్తులని హాలంతా చల్లారు.

అయినా అమ్మాలనే ఉంటే అమ్మేయండి. రెండు కుర్చీలు ఉంచుకుని, గోడకి మడత బల్ల బిగించుకోండి, 18 ఎంఎం ప్లైవుడ్ చెక్క, రెండు మడిచే బ్రాకెట్లు, నాలుగడుగుల పొడవు చాలు, పని అయ్యాక పైకో కిందికో మడిచేస్తే నేలంతా ఖాళీ. బిగించే గోడ విషయంలో మాత్రం జాగ్రత్త. వాష్ బేసిన్ ఉన్న గోడలో పైపులు ఉంటాయి, కుళాయి పైనా కిందా నిలువుగా, ఒక్కోసారి బాత్రూం వైపు అడ్డంగా కూడా పోతాయి. మా ఆయన ఇవేమీ చూడకుండా ఆదివారం పొద్దున డ్రిల్లు పెట్టారు. ప్లంబరుకీ, పగలగొట్టిన టైల్స్‌కీ అయిన ఖర్చులో ఇంకో రెండు మడత బల్లలు వచ్చేవి.