రజ పండుగలోపు టాపు కారుకు చేయవలసిన పనులు

రోహిణి కార్తె ఎండలో వాన సంగతి ఎవరికీ గుర్తుండదు. ఒడిశాలోని మా బరంపురంలో నైరుతి వానలు సాధారణంగా జూన్ రెండో వారం దాటగానే, ఒడియావారి రజ పండుగకు కాస్త అటూ ఇటూగా మొదలవుతాయి. టాపు మడిచే పాత కారు ఇంట్లో ఉన్నవారు అంతలోపే పని ముగించుకోవాలి. చేయవలసిన వాటిలో సగం పనులు మండే ఎండలోనే కుదురుతాయి, మబ్బు పట్టిన తర్వాత ఎంత తాపత్రయపడినా లాభం ఉండదు.

మా ఇంట్లో ఉన్నది స్టాండర్డ్ హెరాల్డ్. 1961 నుంచి మద్రాసులో తయారైన బండి. హెరాల్డ్ పైకప్పు మొదటినుంచీ బోల్టులతో బిగించినదే కాబట్టి దాన్ని విప్పించి, మా నాన్నగారు గుడ్డ టాపు వేయించుకున్నారు. ఇంగ్లండులో ఇదే చాసిస్‌ను, అంటే కారు అడుగు చట్రాన్ని, పొట్టిచేసి, దాని మీద 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారును నిలబెట్టారు. అదే ఏడాది ఎంజీబీ అనే మరో బ్రిటిష్ స్పోర్ట్స్ కారు కూడా వచ్చింది. కార్లు వేరైనా, ఆ కాలపు టాపు కార్లన్నిటిలోనూ నీరు దూరే చోట్లు దాదాపు ఒకటే. అందువల్ల హెరాల్డ్‌తో నేను నేర్చుకున్నది మిగిలినవారికీ పనికొస్తుంది.

ముందుగా ఒక సంగతి మనసులో పెట్టుకోవాలి. ఈ కార్లలోకి నీరు రానే రాకుండా చేయడం ఎవరి వల్లా కాదు. తయారుచేసినవారికీ అది తెలుసు. అందుకే తలుపు అద్దం పక్కనుంచి జారే నీరు తలుపు లోపలికి దిగి, అడుగున ఉన్న కన్నాల గుండా నేలమీద పడిపోయేలా దారి పెట్టారు. ఆ దారి తెరిచి ఉన్నంతకాలం బండికి ఏమీ కాదు. కొన్నేళ్ల కిందట టింకరింగ్‌కు ఇచ్చిన ఒక షెడ్డులో తలుపుల అడుగున ఉన్న ఆ కన్నాలన్నిటినీ పుట్టీతో పూడ్చి, పైన రంగు కొట్టి ఇచ్చారు. ఇక చుక్క నీరు రాదని భరోసా కూడా ఇచ్చారు. మూడో వానాకాలంలో తలుపు తీస్తుంటే లోపల కుండలో నీళ్లు కదిలినట్టు చప్పుడైంది. కింది అంచును బొటనవేలితో నొక్కితే రేకు అప్పడంలా విరిగింది. నాన్నగారు చేత్తో తుడిచిన తలుపు అది. ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

కాబట్టి సందులు పూడ్చే సీలెంటు ట్యూబు కొనడానికి ముందే తలుపుల కింది అంచును వేలితో తడిమి, కన్నాలు ఎక్కడున్నాయో చూసి, మెత్తని రాగి తీగతో శుభ్రం చేయాలి. తర్వాత తలుపు లోపలివైపు అట్టను విప్పి చూడండి. దాని వెనుక ఒక ప్లాస్టిక్ షీటు ఉండాలి. చాలా పాత బండ్లలో అది ఎప్పుడో చిరిగిపోయి ఉంటుంది, మరమ్మతు చేసినవారు మళ్లీ పెట్టి ఉండరు. అది లేకపోతే తలుపులోకి దిగిన నీరు అట్టను నానబెట్టి కాళ్ల దగ్గరకు కారుతుంది. మందపాటి పాలిథీన్ షీటును కత్తిరించి అంటించి, కింది అంచును మాత్రం తలుపు లోపలికి దూర్చాలి. ఆ అంచు బయట వేలాడితే నీటిని కారులోకి మనమే పంపినట్టవుతుంది. ఖర్చు దాదాపు లేని పని, పట్టేది ఒక మధ్యాహ్నం.

ఇక కారే చోటు కనిపెట్టడం. తివాచీ తడిసిన చోట కన్నం వెతికేవారికి ఏమీ దొరకదు. నీరు ఒకచోట దూరి, రేకు మడత వెంటో తీగల కట్ట వెంటో పాకి, ఇంకెక్కడో బొట్టు కడుతుంది. సీట్లు, తివాచీలు, వాటి కింది ఫెల్టు మొత్తం తీసేయాలి. లోపలి రేకు పొడిగా ఉన్నప్పుడు దానిమీద ముగ్గుపిండి పలుచగా చల్లాలి. నీటి చుక్క నడిచిన దారి ఆ పిండిలో గీత గీసినట్టు కనిపిస్తుంది. పైన నిగనిగలాడే రంగు మీద, టాపు మీద మాత్రం ముగ్గుపిండి వద్దు, గీతలు పడతాయి. అక్కడ ముఖానికి రాసుకునే పౌడరు చాలు.

తర్వాత ఒకరు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఒకరు బయటనుంచి నీళ్ల పైపు పట్టాలి. ధార గట్టిగా వదలకూడదు. కింద మొదలుపెట్టి పైకి రావాలి: ముందు తలుపు అడుగు, తర్వాత అద్దం అంచు, తర్వాత ముందు అద్దం చుట్టూ, చివరికి టాపు. ఒక్కోచోట అయిదు నిమిషాలు ఆగాలి. పైనుంచి మొదలుపెడితే నీరంతా ఒకేసారి కిందికి జారి, ఏది ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది. మా బండిలో డ్రైవరు కాళ్ల దగ్గర రెండేళ్లపాటు తడి కనిపించింది. తలుపు బీడింగు, అంటే అంచున ఉండే రబ్బరు పట్టీ, మార్చాను, టాపు కుట్లు మళ్లీ వేయించాను, తడి పోలేదు. చివరికి మా అబ్బాయి డ్యాష్‌బోర్డు కింద తలపెట్టి పడుకుని, నన్ను పైపు కదపవద్దని కేకేశాడు. వైపర్ కాడ బాడీలోంచి బయటికి వచ్చే చోట రబ్బరు ఎండి బీటలిచ్చింది. నీరు అక్కడ దూరి తీగల కట్ట వెంట పాకుతోంది, తీగ వంగిన చోట ఒక్కొక్క చుక్కగా పెడల్ పక్కన పడుతోంది. రూపాయి నాణెమంత రబ్బరు వాషరు మార్చడంతో రెండేళ్ల తడి ఆగిపోయింది.

ఇంజనుకూ మనకూ మధ్య ఉన్న రేకు గోడలో తీగలు, కేబుళ్లు, స్టీరింగ్ కడ్డీ దూరే ప్రతి కన్నానికీ ఇలాంటి రబ్బరే ఉంటుంది. హెరాల్డ్‌లో ముందు భాగమంతా ముందుకు తెరుచుకుంటుంది కాబట్టి ఆ గోడ చేతికి సులువుగా అందుతుంది. ఈ బండి బాడీ ముక్కలుగా బోల్టులతో కలిపినది కూడా. ఆ అతుకుల దగ్గర పట్టీలు ఎండిపోయి ఉంటే వాటినీ మార్చాలి.

టాపు విషయానికి వద్దాం. రెక్సిన్ టాపు బిగించడానికి, కుంచించుకుపోయిన టాపును సాగదీయడానికి రోహిణి కార్తెను మించిన కాలం లేదు. ఉదయం పది గంటలకు ఎండలో పరిచి ఉంచితే మధ్యాహ్నానికి మెత్తబడి, ముందు అద్దం చట్రం దాకా వచ్చి కొక్కేలకు అందుతుంది. చలికాలంలో అదే పని బలవంతంగా చేస్తే కుట్టు దగ్గర చిరుగుతుంది. తడిసిన టాపును ఎప్పుడూ మడవకూడదు. మడతల్లో బూజు పడుతుంది, కుట్లు పుచ్చిపోతాయి. పొరపాటున మడిచి ఉంటే ఇంటికి చేరగానే విప్పి, బిగించి, ఆరనివ్వాలి.

నీరు ఎక్కువగా దిగేది గుడ్డలోంచి కాదు, సూది చేసిన కన్నాల్లోంచి. బరంపురంలో పట్టు నేసే చేతులకు కొదవ లేదు గానీ టాపు కుట్టడం వేరే పని. సీటు కవర్లు, జీపు టాపులు కుట్టేవారి దగ్గరికే వెళ్లి, పాలిస్టరు దారంతో కుట్టమని అడగాలి. నూలు దారం మొదట బాగానే ఉన్నా మన తేమకు పుచ్చిపోతుంది. కుట్టు పూర్తయ్యాక లోపలివైపు నుంచి తేనెమైనం గట్టిగా రుద్ది, ఎండలో పెట్టాలి. మైనం కరిగి సూది కన్నాల్లో దిగుతుంది. గజపతి జిల్లా కొండలవైపు నుంచి తేనె అమ్మడానికి వచ్చేవారిని అడిగితే మంచి మైనం దొరుకుతుంది. కొవ్వొత్తి మైనం పెళుసుది, మడతపెట్టగానే రాలిపోతుంది. వెనుక ఉండే ప్లాస్టిక్ అద్దాన్ని పొడిగుడ్డతో తుడవవద్దు, కిరసనాయిలు అసలే వద్దు. నీళ్లు పోసి దుమ్ము పోగొట్టి, పాత నూలు చీర ముక్కతో అద్దాలి. టాపు మడిచేటప్పుడు ఆ ప్లాస్టిక్ మడత మధ్య ఒక తువ్వాలు పెట్టాలి.

బీడింగు సరిగ్గా పట్టుకుంటోందో లేదో చూడటానికి వార్తాపత్రిక కాగితం చాలు. రెండంగుళాల పట్టీ కత్తిరించి, తలుపు బీడింగు మీద పెట్టి తలుపు వేసి, మెల్లగా లాగండి. బిగువుగా వస్తే మంచిదే. ఊడి చేతికి వచ్చిందంటే అక్కడ సందు ఉన్నట్టే. టాపు ముందు అంచు దగ్గరా ఇలాగే చూడాలి, చాలాసార్లు కొక్కెం మరను రెండు చుట్లు తిప్పితే సరిపోతుంది. రబ్బరు మెత్తగా ఉండటానికి గ్లిజరిన్ రాయాలి. ఇంజను ఆయిలు, గ్రీజు పాత రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి.

ముందు అద్దం అడుగున సందు కనిపిస్తే హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు సిలికాన్ పూయాలని అనిపిస్తుంది. దయచేసి పూయవద్దు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌లోంచి ఆమ్లం వెలువడుతుంది, అది ఇనుప రేకును తింటుంది. పైగా ఒకసారి పూసిన చోట రంగు మళ్లీ అంటదు. గట్టిపడని బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు పట్టీ) గానీ, అద్దాలు బిగించేవారు సందుల్లో కూరే మెత్తని మాస్టిక్ ముద్ద గానీ వాడాలి. రేపు విప్పవలసి వచ్చినా శుభ్రంగా ఊడి వస్తుంది.

ఎంజీబీ ఉన్నవారికి ప్రత్యేకంగా రెండు మాటలు. ముందు అద్దం కిందనున్న జాలీ గుండా నీరు ఒక పెట్టెలోకి దిగి, అక్కడినుంచి రబ్బరు గొట్టం గుండా గేరుపెట్టె పక్కగా కిందికి పోవాలి. విశాఖలో ఉన్న మా స్నేహితుడి బండిలో వాన పడ్డ ప్రతిసారీ హీటరు లోంచి నీళ్లు కాళ్ల మీద పడేవి. ఆయన బండి నిలిపేది చింతచెట్టు కింద. గొట్టం విప్పి చూస్తే చింతాకు కుళ్లి, వత్తిలా బిగుసుకుని, జానెడు పొడవున బయటికి వచ్చింది. రెండోది, 1974కు ముందువాటిలో ఆరు వోల్టుల రెండు బ్యాటరీలు సీట్ల వెనుక నేలలో ఉంటాయి. ఆ గూళ్ల అడుగు కన్నాలు పూడితే ఆమ్లం కలిసిన నీరు నిలిచి, రేకును కొరికేస్తుంది. బ్యాటరీ తీసేటప్పుడు బాడీకి కలిపిన తీగనే ముందు విప్పాలి. ఆ కాలపు బ్రిటిష్ కార్లు చాలావాటిలో బాడీకి కలిపేది ప్లస్ తీగ, ఈ సంగతి తెలియని కుర్ర మెకానిక్కుకు మీరే చెప్పాలి.

గోపాలపురం సముద్రం మనకు పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఆ గాలిలోని ఉప్పు వల్ల మన దగ్గర తుప్పు వేగం ఎక్కువ. తివాచీలు ఎలాగూ తీశారు కనుక నేల రేకును స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. గట్టి రేకు మోగుతుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. తుప్పు గీకి, దాన్ని ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు రెండు పూతలు వేసి, తివాచీలను వానాకాలమంతా ఇంట్లో మంచం కింద దాచేయడమే మేలు. తడి ఫెల్టు రేకును అంటిపెట్టుకుని ఉన్నంత హాని వాన కూడా చేయదు.

2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకున్న బండిని రోజువారీగా తిప్పడానికి వీల్లేదు. అంటే మన బండ్లు వానాకాలంలో చాలావరకు షెడ్డులో నిలబడి ఉండేవే. నిలబడిన బండి మీద టార్పాలిన్ బిగించి కప్పవద్దు, కింద తేమ ఆవిరై లోపలే కారుతుంది. నూలు గుడ్డ కప్పు చాలు. హ్యాండ్‌బ్రేకు వేసి వదిలేస్తే తేమకు బ్రేకు డ్రమ్ముకు పట్టేస్తుంది కనుక గేరులో ఉంచి, చక్రాలకు చెక్కదిమ్మలు పెట్టాలి. తెరపి ఇచ్చిన ప్రతిరోజూ తలుపులు, డిక్కీ ఒక గంట తెరిచి ఉంచాలి. స్టెప్నీ గూటిలో చెయ్యి పెట్టి చూడండి, వెనుక లైట్ల రబ్బరు పోతే నీరు చేరేది అక్కడికే.

దారిలో వాన పట్టుకుంటే వేగం తగ్గించాలి. వేగం పెరిగితే టాపు గాలికి పైకి ఉబ్బి, షెడ్డులో కారని చోట కూడా కారుతుంది. తడిసిన డ్రమ్ము బ్రేకులు మొదట పట్టవు. నీటి గుంట దాటగానే పెడల్‌ను తేలికగా నొక్కి పట్టి, కొంతదూరం నడిపితే ఆరతాయి. చెరువులా నిలిచిన రోడ్డులోకి మాత్రం దించకండి.

జూన్ వాన ఒక ఎత్తు, అక్టోబరు తుఫాను ఇంకో ఎత్తు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు వాన అడ్డంగా కొట్టింది, బీడింగుల కిందనుంచి పైకి ఎక్కింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినా, గంజాం, గజపతి జిల్లాలను ముంచింది. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు ఏ సీలెంటూ ఆదుకోదు. రేకుల షెడ్డులోంచి బండిని తీసి పక్కా గోడల మధ్యకు చేర్చాలి, బ్యాటరీ విప్పాలి, సీట్లు ఇంట్లోకి తేవాలి. నేల రేకులో రబ్బరు బిళ్లలతో మూసిన కన్నాలుంటాయి, లోపల చేరిన నీరు దిగిపోయేలా ఆ బిళ్లలు తీసేయాలి. ఎలుకలు దూరకుండా కన్నాలకు సన్న ఇనుప జాలీ ముక్కలు కట్టాలి. మా బండి బిళ్లలు ఒక డబ్బాలో వేసి బీరువా మీద పెడతాను, కార్తికం వెళ్లాకే తిరిగి బిగిస్తాను.