మూతి వంకర, మాట తడబాటు: పక్షవాతం అనుమానం వచ్చిన వెంటనే చేయవలసినవి

సమస్య: అన్నం తింటున్న మనిషి చేతిలోని ముద్ద జారిపోతుంది, మూతి ఒక పక్కకు లాగుతుంది, మాట ముద్దగా వస్తుంది. చాలామందికి నొప్పి ఉండదు కనుక, ఇంట్లోవారు నీరసమనో గాలి సోకిందనో భావించి పడుకోబెడతారు. అలా చేయక, నవ్వమనండి, కళ్లు మూసుకుని రెండు చేతులూ చాచమనండి, పేరు, ఊరు చెప్పమనండి. వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా పక్షవాతమనే భావించాలి. హఠాత్తుగా చూపు తగ్గినా, నడక తూలినా, భరించలేని తలనొప్పి వచ్చినా అనుమానించవలసిందే.

కారణం: మెదడుకు వెళ్లే రక్తనాళం గడ్డతో మూసుకుపోవచ్చు, లేదా చిట్లవచ్చు. ఈ రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి, తేడా తెలిసేది స్కానింగ్‌లోనే. నాళం చిట్లినవారికి ఆస్పిరిన్ హాని చేస్తుంది కనుక ఇంటి దగ్గర ఏ మాత్రా వేయకూడదు. మింగడం కష్టమై ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు కాబట్టి మంచినీళ్లు కూడా పట్టకూడదు.

పరిష్కారం: గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా 4.5 గంటల లోపు ఇవ్వాలి, ఆ లెక్క మనిషి చివరిసారి బాగున్న సమయం నుంచి మొదలవుతుంది. రాత్రి 10 గంటలకు బాగా పడుకుని తెల్లవారుజామున చేయి కదలక లేచినవారికి లెక్క 10 నుంచే. అయినా వెళ్లడం మానకూడదు, కొందరికి 24 గంటల వరకు గడ్డను తొలగించే చికిత్స ఉంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైగా ఉంటుంది, ఆ 4.5 గంటల్లో ఒక గంట ఆర్‌ఎంపీ సెలైన్‌కో పసరు మందుకో పోతే మిగిలేది కొద్దిపాటి సమయమే. 108కి ఫోన్ చేసి పక్షవాతం అనుమానమని స్పష్టంగా చెప్పి, సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్ రెండూ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లమని అడగాలి.

సమస్య: పది నిమిషాల్లో అంతా సర్దుకుంది.
కారణం: రక్తప్రవాహం కాసేపు ఆగి తిరిగి సాగింది. పెద్ద పక్షవాతం వచ్చే ప్రమాదం తరువాతి రెండు రోజుల్లోనే ఎక్కువ.
పరిష్కారం: తగ్గిందిగదా అని ఆగక, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: ఒకే ఊళ్లో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో, మళ్లీ మళ్లీ వస్తోంది.
కారణం: ప్రధానంగా అదుపులేని బీపీ, తరువాత షుగరు, పొగ. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి బీపీ మరింత జాగ్రత్తగా చూడాలి. తీరగ్రామాల్లో ఆడవారు అడ్డపొగగా (నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని) కాల్చే చుట్ట కూడా పొగే, దానికి మినహాయింపు లేదు.
పరిష్కారం: సంపాదించే మనిషి మంచాన పడితే, చూసుకునే మరొకరి కూలి కూడా పోతుంది. కనుక ముప్పై దాటినవారు బీపీ చూపించుకోవాలి, తగ్గిందని మాత్రలు ఆపకూడదు, ఎండుచేపల ఉప్పునూ లెక్కలో వేసుకోవాలి.