అటక మీది వయొలిన్‌ను మళ్లీ పలికించాలంటే

చిన్నప్పుడు నాలుగైదేళ్లు వయొలిన్ నేర్చుకుని, ఆ తర్వాత చదువు, ఉద్యోగం, పిల్లలు అంటూ పెట్టె మూసేసినవాళ్లు మళ్లీ మొదలుపెట్టడానికి కొత్త వాయిద్యం కొనక్కర్లేదు. పాతదాన్ని దారిలో పెట్టుకోవడానికి రెండు మూడు వేల రూపాయలు పక్కన పెట్టుకుంటే మామూలుగా సరిపోతుంది. అందులో ఎక్కువ భాగం తీగలకీ, వాటి మీద లాగే కమానుకీ వెళ్లాలి. నాదం బాగుపడేది అక్కడే.

పెట్టె తెరవగానే తీగలు బిగించే బిరడాలు తిప్పకండి. సన్నని తీగ వైపు ఉన్న రంధ్రంలోంచి టార్చి వేసి లోపలికి చూడండి. గుర్రం (తీగలను ఎత్తి పట్టే చెక్క బ్రిడ్జి) కాలికి కాస్త వెనకగా, పై పలకకీ కింది పలకకీ మధ్య చిన్న కర్ర నిలబడి ఉండాలి. అదే సౌండ్ పోస్టు. దాన్ని జిగురుతో అతికించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. అది పడిపోయి ఉండగా తీగలు బిగిస్తే పై పలక కుంగి చీలుతుంది. వయొలిన్‌ను మెల్లగా కదిపితే లోపల లొడలొడమంటోందంటే బాగుచేసేవాళ్ల దగ్గరికే తీసుకెళ్లాలి, ఇంట్లో ప్రయత్నించవద్దు. అలాంటివాళ్లు ఎక్కడున్నారో తెలియకపోతే విజయనగరం, విజయవాడ, హైదరాబాద్‌లలోని ప్రభుత్వ సంగీత కళాశాలల్లో వయొలిన్ చెప్పే మాస్టార్లను అడగండి.

తర్వాత అంచుల వెంబడి వేలి కణుపుతో తట్టుతూ రండి. ఎక్కడైనా డొల్లగా, జర్రుమన్నట్టు వినిపిస్తే అక్కడ అతుకు వదిలింది. ఫెవికాల్, ఫెవిక్విక్ జోలికి వెళ్లకండి. వయొలిన్‌కు వాడేది అవసరమైతే మళ్లీ విప్పుకోగలిగే జిగురు. దాని మీద వేరేది పడితే తర్వాత బాగుచేయడం నరకం. పై పలక పోస్టు దగ్గరే నిలువునా చీలినా, మెడ ఊడినా మాత్రం విద్యార్థి వాయిద్యానికి పెట్టే మరమ్మతు ఖర్చు దండగ. కొత్తది కొనాల్సింది అప్పుడే.

తీగలన్నీ ఒకేసారి విప్పేస్తే గుర్రం పడుతుంది, వెంట పోస్టు కూడా పడొచ్చు. అందుకని ఒక పాత తీగ తీసి, కొత్తది వేసి, శ్రుతికి దగ్గరగా తెచ్చాకే రెండోదానికి వెళ్లండి. తీగ ఆనే గాళ్లలో మెత్తని పెన్సిల్ రుద్దితే తీగ పట్టేయకుండా జారుతుంది. బిగించేటప్పుడు గుర్రం మెడ వైపు వాలుతూ ఉంటుంది. ప్రతి తీగ తర్వాత రెండు చేతులతో పట్టి, దాని వెనక ముఖం పలకకు నిటారుగా ఉండేలా సరిచేయండి. బిరడా జారుతుంటే దానికి సుద్దముక్క, బిగుసుకుపోతుంటే పొడి సబ్బు కొద్దిగా రాయండి. వానాకాలంలో బిగుసుకోవడం, ఎండాకాలంలో జారడం మామూలే.

ఏ శ్రుతికి కలపాలి? ఈ తీగలను జి, డి, ఎ, ఇ స్వరాలకు తయారుచేస్తారు. మన సంగీతంలో వాటిని స-ప-స-పలకు కలుపుతాం. ఐదు శ్రుతిలో, అంటే స జి దగ్గర ఉంటే, అవి జి, డి, జి, డి. లావు తీగలు రెండూ ఉన్నచోటే ఉంటాయి, సన్నవి రెండూ రెండేసి అర్ధస్వరాలు మాత్రమే దిగుతాయి. చవక తీగలు బాగా పలికేది ఇక్కడే. మీ గొంతుది ఒకటి శ్రుతి కదా అని అక్కడికి దించితే తీగలు వదులైపోయి కమాను కింద గరగరమంటాయి. సాధనకి ఐదు, లేదంటే నాలుగున్నర చాలు. తంబురాకు ఫోన్లో ఉచిత యాప్ సరిపోతుంది.

కమాను వెంట్రుకలు కత్తిరించినట్టు తెగి పడి ఉంటే అది పెట్టెలో చేరిన పురుగుల పని. ఖాళీ పెట్టెను ఒక పూట ఎండలో పెట్టి, మూలలన్నీ దులిపి, కమానుకు వెంట్రుకలు మార్పించండి. వెంట్రుకలకు పట్టు కోసం రుద్దే రోజిన్ బిళ్ల కొత్తదైతే నున్నగా ఉండి వెంట్రుకలకు అంటదు. సన్న గరుకు కాగితంతో పైపైన గీరండి. వాయించాక కమాను మరను వదులు చేయడం, పొడిబట్టతో రోజిన్ పొడి తుడవడం మానొద్దు. శానిటైజర్ తగిలితే వార్నిష్ కరుగుతుంది.

మొదటి రెండు వారాలు ఎడమ చేతికి పని వద్దు. వట్టి తీగల మీద కమాను ఈ చివర నుంచి ఆ చివరకు ఎనిమిది అక్షరాల పాటు లాగండి. రోజుకు పదిహేను నిమిషాలు, రెండు పూటలా. ఆదివారం ఏకబిగిన రెండు గంటలు వాయిస్తే చేతులు పట్టేస్తాయి, మర్నాడు పెట్టె తెరవబుద్ధి కాదు. కమాను నాదం ఎంత నిండుగా ఉండొచ్చో చెవికి ఎక్కాలంటే ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) పాత రికార్డులు వినండి. మోకాళ్లు సహకరించకపోతే మడిచిన దుప్పటి మీద నడుము మూడు అంగుళాలు ఎత్తుగా ఉండేలా కూర్చోండి.

ఆ తర్వాత మాయామాళవగౌళ రాగంలో సరళీలు, జంటలు, అలంకారాలు అనే తొలి పాఠాలు. స్వరస్థానం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. వేలెడు పొడవు సన్నటి కాగితం ముక్కను సగానికి మడిచి మధ్యస్థాయి స తీగ (సన్నవి రెండింటిలో లావుది) మీద, బిరడాల వైపు మెడ మొదటి నుంచి తీగ పొడవులో నాలుగో వంతు దూరంలో వేలాడదీయండి. పక్కనున్న అన్నిటికన్నా సన్నని ప తీగ మీద మూడో వేలితో తారస్థాయి స పలికించండి. వేలు సరైనచోట పడితే ముట్టుకోని తీగ మీద కాగితం వణుకుతుంది, ఒక్కోసారి ఎగిరి పడుతుంది. వేలు కాస్త ముందుకో వెనక్కో జరిగిందా, అది కదలదు. ఇది చూశాక కళ్లు మూసుకుని కూడా ఆ చోటు పట్టగలిగేదాకా సాధన చేయండి.

రాత్రిపూట పక్కింటివాళ్లకు ఇబ్బంది లేకుండా గుర్రానికి చెక్క క్లిప్పు, బట్టలారేసేదే, మధ్యలో గుడ్డముక్క పెట్టి తగిలిస్తే శబ్దం బాగా తగ్గుతుంది.

చాలామంది తడబడేది గీతాల తర్వాత నేర్చుకునే వర్ణం దగ్గర. పాట తలలో పూర్తిగా గుర్తుంటుంది, వేళ్లకు గుర్తుండదు. పైగా మాయామాళవగౌళలో ఒకటో వేలు శుద్ధ రిషభం (తక్కువ రి) మీద, మెడ మొదటికి బాగా దగ్గరగా పడుతుంది. మోహన రాగ వర్ణంలో అదే వేలు చతుశ్రుతి రిషభానికి (హెచ్చు రి) ముందుకు జరగాలి. ధైవతం సంగతీ అంతే. ముందు ఒక వారం అలంకారాలనే, చతుశ్రుతి రిషభం ఉన్న శంకరాభరణంలో వాయించి వేలిని కొత్త చోటికి అలవాటు చేయండి. తర్వాత శుద్ధ రిషభం ఉన్న మలహరి రాగ గీతాలకు ఒకసారి వెనక్కి వచ్చి పాతచోటు చెరగలేదని చూసుకుని, అప్పుడు వర్ణం ఒకటో కాలంలో మొదలుపెట్టండి.