డిగ్రీ పాఠంలోనే ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యాలు నేర్పడం ఎలా?

ఫైనలియర్ చివర్లో ఎవరో ట్రైనర్‌ని పిలిపించి, నాలుగు రోజులు ‘సాఫ్ట్ స్కిల్స్’ క్లాసులు పెట్టించి, గ్రూప్ ఫొటో దిగేస్తే పని అయిపోయిందనుకునే కాలేజీలు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. అలా నైపుణ్యాలు రావు. మీరు రోజూ చెప్పే కెమిస్ట్రీలోనో కామర్సులోనో అవి కలవాలి, వాటికి మార్కులుండాలి. విక్రమ సింహపురి యూనివర్సిటీ కిందున్నా, ఆంధ్రకేసరి యూనివర్సిటీ కిందున్నా సిలబస్ మార్చడం ఒక్క లెక్చరర్ వల్ల అయ్యేది కాదు, కానీ అసైన్‌మెంట్ ఏమివ్వాలో చాలావరకు మీ ఇష్టమే. అక్కడ మొదలుపెట్టండి.

ముందు చుట్టుపక్కల ఏ పనులున్నాయో కనుక్కోండి. ‘కమ్యూనికేషన్ కావాలి సార్’ అని ప్రతి యజమానీ అంటాడు, దాంతో మనకేమీ తెలియదు. కొత్తగా చేరిన డిగ్రీ పిల్లలు మొదటి నెలలో ఎక్కడ తడబడుతున్నారని అడగండి. కృష్ణపట్నం పోర్టు పనులు చూసే ఏజెంటు ఆఫీసులో ఒక జవాబు వస్తుంది, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలో ఇంకోటి, రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబులో మరోటి.

తర్వాత ఒక పేపర్‌కి ఒక్క నైపుణ్యమే ఎంచుకోండి. దాన్ని కంటికి కనిపించే పనిగా రాయాలి. ‘విద్యార్థికి అవగాహన కలుగుతుంది’ అని రాస్తే కలిగిందో లేదో ఎవరు చూడొచ్చారు? ‘రైతుకు అర్థమయ్యేలా ఒక పేజీ రిపోర్టు రాస్తారు’ అంటే చూడొచ్చు, మార్కులూ వేయొచ్చు.

ఇప్పుడు అసలు పని, ఉన్న ప్రయోగాన్నే కాస్త మార్చడం. నీటి కాఠిన్యం (అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎంతున్నాయో) కొలిచే ఈడీటీఏ టైట్రేషన్, అంటే ఈడీటీఏ ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ రంగు ఎప్పుడు మారుతుందో చూసే ప్రయోగం, కెమిస్ట్రీ పిల్లలందరూ చేస్తారు, కాలేజీ కుళాయి నీళ్లతో, సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని. ఈసారి రైతు అనుమతితో రొయ్యల చెరువు నీళ్లు తెప్పించండి. ఉప్పునీళ్లలో కాఠిన్యం బాగా ఎక్కువ కాబట్టి నేరుగా చేస్తే బ్యూరెట్ (ఆ ద్రావణం పోసే కొలతల గొట్టం) ఖాళీ అయినా నీళ్ల రంగు ఎరుపు నుంచి నీలంగా మారకపోవచ్చు, అప్పుడు పిల్లలు తెల్లమొహం వేస్తారు. వెంటనే చెప్పేయకండి. నమూనాని పలుచన చేయాలని, ఎంత చేయాలో కూడా వాళ్లలో వాళ్లే తర్జనభర్జన పడి తేల్చుకోవాలి, ఇంటర్వ్యూల్లో ‘ప్రాబ్లం సాల్వింగ్’ అని అడిగేది దీన్నే. ఆ తర్వాత తెలుగులో ఒక పేజీ రిపోర్టు రాసి, రైతుకి ఫోన్ చేసి వివరించాలి. ఆయన ‘ఇదంతా ఎందుకు గానీ, సున్నం ఎయ్యాల్నా వద్దా, అది చెప్పబ్బయ్యా’ అంటాడు. తన పరీక్ష ఎంతవరకు చెప్పగలదో, ఎక్కడ ఆక్వా నిపుణుణ్ణి అడగమనాలో తెలిసి, మర్యాదగా ఆ మాట చెప్పగలిగితే ఆ పిల్లాడికి మాట్లాడటం వచ్చినట్టే. ఇంగ్లీషు రిపోర్టు రెండోసారి రాయించొచ్చు, ముందు విషయం మీద భయం పోవాలి.

కామర్సులో అయితే గ్రానైట్ పలకల అమ్మకానికి ఇన్వాయిస్ తయారు చేయించి, సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లులో (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం) ఏ వివరాలు నింపాలో రాయించండి. పన్ను రేటు మీరు చెప్పొద్దు, ఈరోజు ఏది అమల్లో ఉందో వాళ్లే వెతకాలి. తెలుగు, చరిత్ర పిల్లలు ఉదయగిరి కోట మీద రెండు నిమిషాల ఆడియో గైడ్ చేయొచ్చు.

మార్కుల సంగతి ముందే చెప్పేయండి: లెక్కకి ఇన్ని, రాతకి ఇన్ని, వివరించినందుకు ఇన్ని. గ్రూపు పనిలో నలుగురికీ ఒకే మార్కు వేస్తే ఒకడు చేస్తాడు, ముగ్గురు సంతకం పెడతారు (ఇది మనందరికీ తెలిసిందే). ఎవరు ఏం చేశారో విడిగా అడగండి.

180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉన్నాయి. సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుందా అని పిల్లలు తిరిగే బదులు, క్లాసులో మొదలైన ఈ పనినే అక్కడ కొనసాగించనివ్వండి. చివర్లో ‘నేనేం చేశాను, ఎక్కడ ఆగిపోయాను, ఎలా బయటపడ్డాను’ అని ఐదు వాక్యాలు రాయించండి. మన పిల్లలకి పని వచ్చినా, వచ్చని చెప్పుకోవడం రాదు. ఆ ఐదు వాక్యాలే రేపు రెజ్యూమేలోకి వెళ్తాయి.

మీది అటానమస్ కాలేజీ (సిలబస్ తానే తయారు చేసుకునే కాలేజీ) అయితే, ఆ సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పరిశ్రమ ప్రతినిధి ఒకరుంటారు. ఆయన్ని సంతకానికీ భోజనానికీ పిలిచి పంపేయకుండా, పిల్లల రిపోర్టులు నాలుగు ముందు పెట్టి ‘ఇలా రాసినవాళ్లని మీరు పనిలో పెట్టుకుంటారా, లేకపోతే ఎందుకని’ అని అడగండి. ఆయన పట్టుకున్న తప్పుల్ని బట్టి వచ్చే సెమిస్టర్ అసైన్‌మెంట్ సరిచేసుకోండి.