మనకు మనమే పంపుకునే మెసేజ్

పడుకునే ముందు ఆ రోజు జరిగిన మంచి ఒక్కటైనా తలచుకోవాలనుకుంటాం, కానీ ఫోన్ చూస్తూనే నిద్రలోకి జారిపోతాం. అలారం పెడితే చెయ్యి దానంతట అదే ఆపేస్తుంది.

ఆదివారం 10 నిమిషాలు కూర్చుని, గూగుల్ మెసేజెస్‌ (ఆండ్రాయిడ్ ఫోన్లలో మెసేజ్‌లు పంపే యాప్) లో నా నంబరుకే 7 మెసేజ్‌లు రాస్తాను, ఒక్కో దానిలో ఒక్కో ప్రశ్న. పంపే బటన్‌ను నొక్కి పట్టుకుంటే ఎప్పుడు పంపాలో టైమ్ అడుగుతుంది. రాత్రి 9 గంటలకు రోజుకొకటి. ప్రశ్న మాత్రం రోజూ మారాలి, లేదంటే మూడో రోజుకే కళ్లు దాన్ని దాటేస్తాయి. "ఇవాళ నీ పని తేలిక చేసిందెవరు?" "మూడుసార్లు నెమ్మదిగా ఊపిరి తీసుకో, ఇప్పుడేం వినిపిస్తోంది?" మొన్న దానికి నా జవాబు: ఫ్యాన్ చప్పుడు, పక్క గదిలో అమ్మ నవ్వు. ఒక్క వాక్యం చాలు.

ఆ టైమ్‌కి ఫోన్ ఆఫ్‌లో ఉన్నా, సిగ్నల్ లేకపోయినా మెసేజ్ వెళ్లదు.