ట్రైకేర్ ప్రైమ్ ప్రయాణ ఖర్చులు: డబ్బు ఎక్కడ ఆగిందో చూసుకోండి

ట్రైకేర్ అంటే అమెరికా సైనికులకూ వాళ్ళ కుటుంబాలకూ ఉన్న ఆరోగ్య బీమా, ప్రైమ్ అందులో ఒక పథకం. ప్రైమ్‌లో ఉన్న సైనికుల భార్యకో భర్తకో, పిల్లలకో దూరాన ఉన్న స్పెషలిస్టు అవసరమైతే దారి ఖర్చులు చెల్లించాలని అక్కడి చట్టంలోనే ఉంది. యూఎస్ కోడ్ 10వ టైటిల్, 1074ఐ సెక్షన్ అదే. అక్కడున్న మన తెలుగు కుటుంబాలు కూడా దీన్ని వదులుకోకూడదు. ఒకసారి కాదన్నారని ఊరుకోకండి, ముందు కారణం కనుక్కోండి.

సమస్య: "వంద మైళ్ళు దాటలేదు" అన్నారు

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. ఇంటి నుంచి ఆస్పత్రికి ఎంత దూరమో చూసుకుంటారు. లెక్కలోకి వచ్చేది మీ పీసీఎం, అంటే మిమ్మల్ని మామూలుగా చూసే డాక్టరు క్లినిక్ నుంచి స్పెషలిస్టు క్లినిక్ దాకా ఒకవైపు దూరం. అది వంద మైళ్ళు దాటాలి. నార్త్ డకోటాలోని మైనాట్ ఎయిర్‌ఫోర్స్ బేస్ సంగతే చూడండి. బేస్ మైనాట్ ఊరికి ఉత్తరాన ఉంది, స్పెషలిస్టు కోసం వెళ్ళే బిస్మార్క్ నగరం దక్షిణాన. ఊళ్ళో కాపురముంటున్నా పీసీఎం బేస్‌లోనే ఉంటే, బిస్మార్క్ దూరం ఇంటి నుంచి కంటే ఎక్కువే వస్తుంది. పీసీఎం ఊళ్ళో ప్రైవేటు డాక్టరైతే లెక్క మారిపోతుంది.

రెండు క్లినిక్‌ల పూర్తి అడ్రసులు రాసి మళ్ళీ చూడమని అడగండి. దూరం సరిపోయినా కాదన్నారంటే, దగ్గర్లోనే అలాంటి స్పెషలిస్టు ఉన్నారని భావించి ఉండొచ్చు. పిల్లల గుండె డాక్టరు కావాల్సినచోట పెద్దల గుండె డాక్టరు ఉంటే సరిపోదు కదా! వంద మైళ్ళలోపు ఆ వైద్యం ఎందుకు దొరకదో పీసీఎం చేత రిఫరల్‌లో, అంటే స్పెషలిస్టు దగ్గరికి పంపుతూ రాసే కాగితంలో, స్పష్టంగా రాయించండి.

సమస్య: వెళ్ళొచ్చాక అడిగితే కుదరదన్నారు

ప్రయాణానికి ముందు ట్రావెల్ ఆర్డర్లు, అంటే ప్రయాణ అనుమతి పత్రాలు, తీసుకోకపోవడమే కారణం. రిఫరల్ ఆమోదం వేరు, ట్రావెల్ ఆర్డర్లు వేరు. అపాయింట్‌మెంట్ తేదీ ఖాయమైన రోజే అడగండి. పీసీఎం మిలిటరీ క్లినిక్‌లో ఉంటే అక్కడి ట్రావెల్ విభాగాన్ని, బయటి డాక్టరైతే మీ ప్రాంతపు ప్రైమ్ ట్రావెల్ ఆఫీసును అడగాలి. టెక్సస్‌లో ఉన్నవాళ్ళు ఒకటి గమనించాలి: 2025 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రం ట్రైకేర్ వెస్ట్ రీజియన్‌లో చేరింది, అక్కడ ట్రైకేర్‌ను నడిపే కాంట్రాక్టు సంస్థ ట్రైవెస్ట్. పాత కాగితాల మీది ఫోన్ నంబర్లు నమ్ముకోవద్దు.

సమస్య: తోడు వెళ్ళినవాళ్ళకు ఇవ్వలేదు

రోగికి తోడు అవసరమైతే ఒక్కరికే ఇస్తారు. అమ్మానాన్నలిద్దరూ వెళ్ళినా ఒకరి ఖర్చే వస్తుంది. వెళ్ళేది తల్లో, తండ్రో, గార్డియనో, లేదంటే 21 ఏళ్ళు నిండిన కుటుంబ సభ్యుడో అయి ఉండాలి. పంతొమ్మిదేళ్ళ అన్నయ్య తోడెళితే రాదు. రోగి పెద్దవారైతే తోడు ఎందుకు కావాలో డాక్టరు రాసిన కాగితం ముందే తీసుకుని, ఆ పేరు ఆర్డర్లలో ఉందో లేదో చూసుకోండి.

సమస్య: క్లెయిమ్ వెనక్కొచ్చింది

ప్రయాణ ఖర్చులు అడిగే డీడీ ఫారమ్ 1351-2లో సంతకమో తేదీయో మరిచిపోయి ఉండొచ్చు. స్పెషలిస్టును కలిసినట్టు రుజువు జతచేయకపోయి ఉండొచ్చు. క్లినిక్ నుంచి బయటికి రాకముందే కౌంటర్‌లో ఆ రోజు తేదీతో చీటీ అడిగి తీసుకోండి, తర్వాత ఫోన్ల మీద తెప్పించుకోవడం చాలా కష్టం. హోటలు బిల్లు, టోల్, పార్కింగ్, తిండి రసీదులన్నీ అప్పటికప్పుడు ఫోటో తీయండి, ఆ కాగితం మీద అచ్చు త్వరగా వెలిసిపోతుంది. బస, భోజనాలకు ఆ ఊరికి ప్రభుత్వం పెట్టిన రేటు వరకే వస్తుంది కాబట్టి గది తీసుకునే ముందే ఆ రేటు చూసుకోండి. మిలిటరీ ఆస్పత్రికి వెళ్తుంటే ఫిషర్ హౌస్, అంటే రోగుల కుటుంబాలు ఉండే వసతి గృహం, ఉందేమో కనుక్కోండి, అక్కడ బస ఉచితం.

సమస్య: అసలు అర్హతే లేదన్నారు

మీరు ట్రైకేర్‌లోని మరో పథకమైన సెలెక్ట్‌లో ఉంటే ఈ సౌకర్యం వర్తించదు. ప్రైమ్‌లో ఉండి కూడా రిఫరల్ లేకుండా సొంతంగా వెళ్ళినా అంతే. ఉద్యోగంలో ఉన్న సైనికుడే రోగి అయితే ఈ దారిలో కాకుండా తన యూనిట్ ద్వారా అడగాలి.