అమెరికాలో టిఫిన్ హోటల్ – 6వ పాఠం: డ్రిప్ కాఫీ యంత్రం ఎంచుకోవడం

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. పొద్దున ఏ గంటలో ఎన్ని కాఫీలు పోతున్నాయో చీటీ మీద గీతలు పెట్టమన్నాను. హోటల్ ఇంకా తెరవనివారిని దగ్గర్లో ఏదైనా బ్రేక్‌ఫాస్ట్ హోటల్లో రెండు గంటలు కూర్చుని లెక్కపెట్టమన్నాను. ఆ చీటీ ముందు పెట్టుకుని ఈ పాఠం చదవండి.

మనవాళ్ళు ఇక్కడ హోటల్ పెట్టినప్పుడు ఫిల్టర్ కాఫీ మీద చూపే శ్రద్ధ డ్రిప్ కాఫీ మీద చూపరు. డ్రిప్ కాఫీ అంటే ఇక్కడివాళ్ళ పాలు కలపని కాఫీ, యంత్రం బుట్టలో ఫిల్టరు కాగితం మీద ఉన్న పొడిలోంచి వేడినీళ్ళు కింది కుండలోకి దిగుతాయి. "నల్ల నీళ్ళే కదా, ఏ యంత్రమైతే ఏం" అంటారు. నేను దీన్ని ఒప్పుకోను. డికాక్షన్ పాలల్లో కలిసేది. కాస్త మాడినా, కాస్త పలచబడినా పాలూ పంచదారా సర్దేస్తాయి. డ్రిప్ కాఫీని చాలామంది దిగింది దిగినట్టే తాగుతారు, యంత్రం చేసిన తప్పు నేరుగా నాలుక మీద పడుతుంది. ఇంకో సంగతి, ఒకే యంత్రంతో రెండూ కానిద్దామనుకోకండి. డ్రిప్ యంత్రం బుట్టలో పొడి రెట్టింపు పోస్తే చిక్కటి డికాక్షన్ దిగదు, బుట్ట పొంగి కౌంటరంతా పొడి నీళ్ళవుతాయి. డికాక్షన్‌కు మన ఫిల్టర్ వేరే ఉండాల్సిందే.

కప్పు అంటే ఎంత?

డబ్బా మీద "12 కప్పులు" అని ఉంటుంది. మొదటిసారి కొన్నప్పుడు మేము ఆ అంకెనే నమ్మాం. పన్నెండు మందికి పోయొచ్చు అనుకున్నాం, ఏడో మగ్గుకే గాజు కుండ ఖాళీ. ఆ లెక్కలో కప్పంటే 5 ఔన్సుల పైచిలుకు మాత్రమే. గాజు కుండ మొత్తం 64 ఔన్సులు, అంటే 1.9 లీటర్లు. మీ మగ్గు 8 ఔన్సులైతే ఎనిమిది వస్తాయి, 12 ఔన్సుల కాగితం కప్పయితే ఐదే.

అదీ పూర్తిగా రాదు. పొడి తన బరువుకు రెట్టింపు నీళ్ళు తాగి తనలోనే ఉంచేసుకుంటుంది. లీటరు నీటికి 55 గ్రాముల పొడి మంచి కొలత. ఆ లెక్కన ఒక కుండకు 105 గ్రాములు పడుతుంది, అది 200 మిల్లీలీటర్ల నీళ్ళు పట్టుకుంటుంది. పోసింది 1.9 లీటర్లయితే దిగేది 1.7 మాత్రమే. యంత్రం కాగితంలో "కప్పులు" అన్న వరుసను కొట్టేసి, పక్కన లీటర్లు రాసుకోండి.

రద్దీ గంట లెక్క

రోజుకు ఎన్ని కాఫీలు అన్నది యంత్రం కొనడానికి పనికిరాదు. రోజు మొత్తంలో ఒక్క గంట మిమ్మల్ని పరీక్షిస్తుంది, ఆ గంటకే కొనాలి.

ఒక ఉదాహరణ చేద్దాం. 7:30 నుంచి 8:30 దాకా 24 మంది కాఫీ అడిగారు. మగ్గు 8 ఔన్సులు. ఇక్కడ కూర్చుని తినే హోటల్లో మళ్ళీ పోయడం ఉచితం, ఖాళీ మగ్గు చూస్తే అడగకుండానే పోయాలి. మనవాళ్ళు చాలామంది దీన్ని లెక్కలో వేసుకోరు. సగటున ఒక్కొక్కరు ఇంకోసారి పోయించుకున్నా 48 మగ్గులు, 384 ఔన్సులు, అంటే 11.4 లీటర్లు. కుండకు 1.7 చొప్పున భాగిస్తే 7 కుండలు.

ఇప్పుడు యంత్రం వైపు చూద్దాం. మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో నడిచే 1500 వాట్ల యంత్రం అనుకోండి. పైన కుండలను వేడిగా ఉంచే వార్మర్లు రెండు ఉంటాయి, ఒక్కోటీ 100 వాట్లు తినేస్తే నీళ్ళ వంతుకు మిగిలేది 1300. కుళాయి నీళ్ళు 20 డిగ్రీల సెల్సియస్‌లో వస్తే, 1.9 లీటర్లను 93 డిగ్రీలకు తేవడానికి దాదాపు ఏడున్నర నిమిషాలు. గంటకు 8 కుండలు. మనకు కావలసింది 7. బొటాబొటీగా గట్టెక్కాం.

ఇదే హోటల్ న్యూజెర్సీలో, జనవరిలో ఉంటే? కుళాయి నీళ్ళు 8 డిగ్రీలకు పడిపోతే కుండకు 8 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. ఏడో కుండ గంటలోపు అందదు. యంత్రం అదే, జనం అంతే, చలి మాత్రమే మారింది. అందుకని లెక్కలో వచ్చిన దానికంటే కనీసం మూడో వంతు ఎక్కువ ఇచ్చేది కొనండి. దీని మీద బేరం వద్దు.

కరెంటు

వాట్లు పెరగాలంటే వోల్టులు పెరగాలి. 120 వోల్టుల మీద 1500 వాట్లంటే 12.5 ఆంపియర్లు. గంటల తరబడి నడిచే పరికరానికి లైను సామర్థ్యంలో 80 శాతమే వాడాలన్నది ఇక్కడి నియమం. 15 ఆంపియర్ల లైనుకు 12 మించకూడదు, కాబట్టి అది చాలదు. 20 ఆంపియర్ల లైను ఇవ్వండి, అదీ కాఫీకొక్కదానికే. అదే లైను మీద టోస్టరో, చట్నీ మిక్సీయో పెట్టారంటే సరిగ్గా రద్దీలోనే బ్రేకర్ పడిపోతుంది.

అంతకు మించి కావాలంటే 240 వోల్టుల యంత్రం. ఇక్కడ మేము తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మేము అద్దెకు తీసుకున్న దుకాణంలో మూడు ఫేజుల కరెంటు ఉండేది. అలాంటి భవనాల్లో చాలాచోట్ల రెండు తీగల మధ్య వచ్చేది 208 వోల్టులే. మాకు యంత్రం అమ్మినవాళ్ళు అడగలేదు, మేమూ చెప్పలేదు. 240కి చేసిన కాయిల్ 208 మీద నాలుగింట మూడొంతుల వేడే ఇస్తుంది. 4000 వాట్లని డబ్బు కట్టి 3000 వాట్లు వాడుకున్నాం. ఆరు వారాలు "కాఫీ ఇంకా దిగలేదా" అని వినీ వినీ, చివరికి ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తేగాని తెలియలేదు. కొనేముందే మీ గోడలో ఎన్ని వోల్టులున్నాయో కొలిపించుకోండి.

చేత్తో పోసేదా, పైపు కలిపేదా

పైన చల్లని నీళ్ళు పోస్తే, ట్యాంకులో ఉన్న వేడినీళ్ళు అంతే కొలతలో పొడి మీదికి దిగే రకం ఒకటి. దీనికి ప్లంబింగ్ అక్కర్లేదు, బల్ల ఎక్కడుంటే అక్కడే. ఒకటే జాగ్రత్త, కొత్తగా తెచ్చినప్పుడు ట్యాంకు నింపకుండా హీటర్ వేయకూడదు, కాయిల్ కాలిపోతుంది. రెండో రకానికి నీటి పైపు కలుపుతారు, మీట నొక్కితే చాలు. గంటకు నాలుగు కుండలు దాటితే పైపు రకమే నయం. దోసెల పెనం దగ్గరున్న మనిషి మాటిమాటికీ జగ్గుతో నీళ్ళు మోయలేడు.

దిగిన తర్వాత

వార్మర్ మీద గాజు కుండలో కాఫీ అరగంటకు మించి నిలవదు, కింద మాడుతూ చేదెక్కుతుంది. మీ రద్దీ విడివిడిగా, చెదురుమదురుగా ఉంటే వార్మర్లున్నది వద్దు. నేరుగా థర్మాస్ కుండలోకి దిగేది తీసుకోండి, అందులో గంటన్నర బాగుంటుంది. వార్మర్లు తినే కరెంటు కూడా నీళ్ళకే మిగులుతుంది. మోటెల్ నడిపేవాళ్ళకు నా సలహా ఎప్పుడూ ఇదే.

నీళ్ళ విషయం 8వ పాఠంలో వివరంగా వస్తుంది. ఇప్పటికి ఒక్కటి గుర్తుంచుకోండి, గట్టినీళ్ళ సున్నం పేరుకుంటే కొత్త యంత్రం కూడా ముసలిదవుతుంది. అలాగని ఖనిజాలేవీ లేని ఆర్‌ఓ నీళ్ళు కలిపినా చిక్కే. రుచి చప్పబడుతుంది, పైగా ట్యాంకులో నీటిమట్టం చూసే కడ్డీలు చాలా యంత్రాల్లో నీటిలోంచి పారే కరెంటు మీదే ఆధారపడతాయి, ఖనిజాలు లేని నీళ్ళలో ఆ కరెంటు సరిగా పారదు.

ఇంటి కోసం చేసిన యంత్రం చవకని తెచ్చిపెట్టకండి. హోటల్లో వాడితే వారంటీ సాధారణంగా చెల్లదు, ఆరోగ్య శాఖ తనిఖీలో ఎన్‌ఎస్‌ఎఫ్ ముద్ర (హోటల్ పరికరాల శుభ్రతకు ఇచ్చే గుర్తింపు) ఎక్కడని అడుగుతారు. బన్, కర్టిస్, ఫెట్కో లాంటి పేర్లలో ఏది కొనాలని చాలామంది రాస్తున్నారు. మీ ఊళ్ళో ఎవరికి విడిభాగాలు, మెకానిక్కు దొరుకుతాయో అదే కొనండి. సోమవారం పొద్దున ఆరింటికి వాల్వు పట్టేస్తే మధ్యాహ్నానికి వచ్చే మనిషి ఉండాలి.

ఈ వారం పని

1. మీ రద్దీ గంట లీటర్లు కట్టండి. మళ్ళీ పోసేవి మరిచిపోవద్దు.
2. వంటింటి కుళాయి నీళ్ళ వేడి థర్మామీటరుతో చూడండి. జనవరిలో ఎంతుంటుందో పక్క హోటలువారిని అడగండి.
3. కుండకు ఎన్ని నిమిషాలు పడుతుందో ఈ సూత్రంతో లెక్కించండి: లీటర్లు × 4.18 × పెరగాల్సిన డిగ్రీలు × 1000, దాన్ని నీళ్ళకు మిగిలే వాట్లతో భాగిస్తే సెకన్లు వస్తాయి.
4. బ్రేకర్ పెట్టె తెరిపించి వోల్టులు రాయించుకోండి.

డెన్వర్ వైపు ఉన్నవాళ్ళు ఒకటి చేర్చుకోవాలి. అక్కడి ఎత్తుకు నీళ్ళు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కాబట్టి ట్యాంకు ఉష్ణోగ్రతను దానికి రెండు మూడు డిగ్రీలు కిందే ఉంచాలి. 7వ పాఠం బుట్ట, ఫిల్టరు కాగితం, పొడి మెత్తదనం గురించి.